పద్దెనిమిదేళ్ల రన్నరప్

గువ్వలబండ, కుందుర్పి మండలం
12 జూలై 2024

గౌరవనీయులైన గంగాధరప్ప సార్‌కు,

మీ పాత విద్యార్థిని భారతి నమస్కరించి రాస్తున్నది. ఫోన్‌లో మీకు మాట వినబడదని, మెసేజీలు చూడరని భద్రమ్మ అమ్మ చెప్పారు. "ఉత్తరమైతే రెండుసార్లు చదువుతాడు పాపా, రాయి" అన్నారు. అందుకే రాస్తున్నాను.

సార్, మీరు రిటైరై వెళ్లిన కుర్చీలో ఈ నెల ఒకటి నుంచి నేను కూర్చుంటున్నాను. పదకొండు నెలల కాంట్రాక్టు. ఇంటర్వ్యూకు ఇరవైమంది వచ్చారు. అందరూ నాకన్నా పెద్ద చదువులవాళ్లే. కానీ సాఫ్ట్‌బాల్ ఆడిన సర్టిఫికెట్ ఉన్నది నాకొక్కదానికే. 2015లో మన కాలేజీ జట్టులో ఆడి కాలేజీల పోటీల్లో రన్నరప్‌గా నిలిచానని మీరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం. అప్పట్లో నాకు బీపీఎడ్ సీటు వచ్చింది కూడా దానితోనే.

ఇప్పుడొక మాట అడుగుతాను, కోప్పడకండి. నేను సాఫ్ట్‌బాల్ ఎప్పుడు ఆడాను సార్? నాకు తెలిసింది వంద మీటర్ల పరుగు ఒక్కటే. ఆ రోజు క్లర్కు ఒక కాగితం బదులు ఇంకో కాగితం ఇచ్చాడనుకున్నాను. సీటు పోతుందని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది. ఆ బంతిని నేను ఇంతవరకు చేత్తో పట్టుకోలేదు.

ప్రిన్సిపాల్ జయరాం సార్ మొదటిరోజే నన్ను వరండాలోకి తీసుకుపోయి గోడ చూపించారు. 2006 నుంచి ఏడాదికొక వరుస, పద్దెనిమిది వరుసలు, అన్నీ 'సాఫ్ట్‌బాల్ - రన్నరప్' అని ఆకుపచ్చ పెయింటుతో. "తనిఖీకి వచ్చినోళ్లకు చూపించుకునేదానికి మనకుండేది ఈ గోడ ఒక్కటేమ్మా" అన్నారు. అంతటితో ఆగలేదు. ఈ డిసెంబరు పోటీలు మన గ్రౌండులోనే జరపమని యూనివర్సిటీకి రాశారట. వాళ్లు సరేనన్నారట.

మీ గది మూడురోజులు వెతికాను. రిజిస్టరు ఉంది. విజిల్ ఉంది. చేతికి తొడుక్కునే గ్లవ్ ఒకటి ఉంది, అందులో కోడి గుడ్లు పెట్టింది. బ్యాటు లేదు, బంతి లేదు. కాలేజీలో ఏ అమ్మాయిని అడిగినా "సాఫ్ట్‌వేరా మేడం?" అంటోంది.

జట్టు ఎక్కడుంది సార్?

మీ
భారతి


కణేకల్
25 జూలై 2024

చిరంజీవి భారతికి దీవెనలు.

నా కుర్చీలో నా శిష్యురాలు కూర్చున్నదని చదివి నా భార్య భద్రమ్మ పాయసం చేసింది. ఇక్కడ కాలువకు నీళ్లు వదిలారు. ఎటు చూసినా వరి నాట్లే. కప్పలు విపరీతంగా అరుస్తున్నాయట. నాకు వినబడవు కాబట్టి ఇబ్బంది లేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బంతి ఎండకు పగిలిపోయింది. మన ఎండలు నీకు తెలియనివి కావు. బ్యాటు ఎక్కడుందో ఊళ్లో ఓబమ్మను అడుగు. జట్టు సంగతి అంటావా, జట్టు అనేది బీరువాలో పెట్టి తాళం వేసే వస్తువు కాదు. ఏటా పిల్లలు వస్తారు, పోతారు.

పోటీలు మన దగ్గర వద్దని జయరాంకు నచ్చజెప్పు. గ్రౌండు తడపడానికి నీళ్లు లేవని రాయిస్తే చాలు. ఈ జిల్లాలో ఆ కారణాన్ని కాదన్న అధికారిని నేను చూడలేదు. రన్నరప్ గురించి ఎవరైనా అడిగితే తల కొంచెం వంచి "ఈసారి చూస్తాం సార్" అను. నేను పద్దెనిమిదేళ్లు అదే అన్నాను. రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఆ రిజిస్టరును మాత్రం మరీ లోతుగా చదవకు. చెదలు మందు చల్లాను. కళ్లకు మంచిది కాదు.

ఆశీస్సులతో
గంగాధరప్ప


గువ్వలబండ
18 ఆగస్టు 2024

సార్‌కు నమస్కారం.

బ్యాటు దొరికింది. ఓబమ్మ ఇంటి ముందు, బట్టలు ఉతికే బండ మీద ఉంది.

"గ్రౌండు పని అయిపోయిన దినం మీ సార్ ఇచ్చినాడు పాపా. పద్దెనిమిదేండ్లుగా దీంతోనే ఉతుకుతాండా. యాడా సొట్ట గూడా పడల్యా" అంది ఆమె.

ఓబమ్మ అనే పేరు ఎక్కడో చదివినట్టుందే అనుకుని కాలేజీకి వచ్చి రిజిస్టరు తెరిచాను. మీరు చదవొద్దన్నారు కాబట్టి మొదటి పేజీ నుంచి చదివాను. 2006, పిచ్చర్ (బంతి విసిరే మనిషి): ఓబమ్మ, బి.ఏ. రెండో సంవత్సరం. 2012, పిచ్చర్: ఓబమ్మ, బి.ఏ. రెండో సంవత్సరం. పోయిన ఏడాది కూడా అంతే. ఆమెకు యాభైనాలుగేళ్లు సార్. వేలిముద్ర వేస్తుంది. తిప్పమ్మ, ఇంకో ఆరుగురు కూడా పద్దెనిమిదేళ్లుగా రెండో సంవత్సరమే చదువుతున్నారు.

అదే బీరువాలో 2006 నాటి ఉపాధి పని మస్టరు కాపీ దొరికింది. గ్రౌండు చదును చేసిన కూలీల పేర్లు. మీ జట్టు ఆ మస్టరులో ఉన్న వరుసలోనే ఉంది. వరుసైనా మార్చలేదు మీరు.

ఏటా మారేది తొమ్మిదో పేరు ఒక్కటే. 2015లో ఆ పేరు నాది.

తరువాత నేనొక తెలివితక్కువ పని చేశాను. ఓబమ్మకు చెప్పేశాను. మొదట ఆమె సంతోషానికి హద్దు లేదు. వీధిలోకి పోయి తిప్పమ్మను, మిగతావాళ్లను కేకేసింది. "మన పేర్లు కాలేజీ పుస్తకంలో ఉండాయంట రండే!" ఎనిమిదిమందీ చేరారు. అప్పుడు తిప్పమ్మ అడిగింది.

"రన్నరప్ అంటే ఏంది పాపా?"

"రెండో స్థానం. ఆఖరి ఆటలో ఓడిపోయినట్టు."

"పద్దెనిమిదేండ్లూనా?"

"అవును."

"ఒక్క తూరి గూడా గెల్చల్యా?"

లేదన్నాను. ఓబమ్మ ముఖం ఎర్రబడింది. "ఆ గ్రౌండులో రాళ్లు ఏరి, గుంతలు పూడ్చి, చదును చేసింది మేము. మా గ్రౌండులో మమ్మల్నే ఓడగొట్టినాడా మీ సార్? ఆయనకు మేమేం తక్కువ చేసినాము?" అంది.

జట్టు నిజంగా లేదని, ఆట జరగనేలేదని ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కించుకోవడం లేదు. "ఆడకుండానే ఓడిపోతే ఇంకా సిగ్గు గదా" అంటుంది తిప్పమ్మ.

వానలు లేక చెనిక్కాయ పైరు ఎండిపోయింది. కలుపు పని కూడా లేదు. ఈరోజు పొద్దున ఆరింటికి ఎనిమిదిమందీ కొంగులు బిగించుకుని గ్రౌండుకు వచ్చి నిలబడ్డారు. "నేర్పించు" అన్నారు. నాకే రాదు సార్. ఏం చేయమంటారు?

భారతి


కణేకల్
3 సెప్టెంబరు 2024

భారతికి,

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, ఐదుసార్లు చదివాను.

ముందు ఒక అబద్ధం సరిదిద్దుతాను. బంతి ఎండకు పగల్లేదు. మొదటి వారంలోనే కుక్క ఎత్తుకుపోయింది.

నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టరును. కబడ్డీ తప్ప ఇంకో ఆట తెలియనివాణ్ని. 2006లో కాలేజీ పోస్టు వచ్చిందంటే ఊరంతా చెప్పుకున్నాను. ఉత్తర్వు విప్పితే 'సాఫ్ట్‌బాల్ కోచ్' అని ఉంది. ఫుట్‌బాల్ అనబోయి టైపులో తప్పు పడిందేమోనని అడుగుదామనుకున్నాను. అడిగితే అసలు పోస్టే తప్పు అంటారేమోనని భయం వేసింది. చేరిపోయాను. ఒక పెట్టె వచ్చింది. అందులో బ్యాటు, బంతి, గ్లవ్. వాటితో ఏం చేయాలో రాసిన కాగితం లేదు.

ఆ డిసెంబరులో ఫారం వచ్చింది. జట్టులో తొమ్మిదిమంది పేర్లు, పోటీ ఫలితం రాయాలి. ఆ ఏడు కాలేజీలో ఒక పాప ఉండేది. చెప్పుల్లేకుండా ముళ్లలో పరుగెత్తేది. ఆటల కోటాలో సీటు వస్తే చదువు సాగుతుంది, లేకపోతే లేదు. ఫారం పంపడానికి అదే ఆఖరి రోజు. మస్టరు బల్ల మీద ఉంది. పక్క కాలేజీ కోచ్ చౌడప్పదీ నా పరిస్థితే. బస్టాండులో కలుసుకుని ఎవరు గెలిచినట్టు రాయాలా అని నాణెం ఎగరేశాం. గెలుపు ఆయన భాగానికి పోయింది. అప్పటినుంచి ప్రతి నవంబరులో ఆయన ఒక కార్డు రాస్తాడు. "ఈ ఏడు 7–4 అని రాస్తాను" అని. నేను సరేనంటాను.

ఏడాదికొక పాప, పద్దెనిమిదిమంది. ఇద్దరు కానిస్టేబుళ్లు. కొందరు స్కూళ్లలో టీచర్లు. నువ్వు. ఒక్కరింట్లో కాఫీ కూడా తాగలేదు నేను. ఇది చెప్పి తప్పును ఒప్పు చేసుకోవడం లేదు.

వరుస మార్చకపోవడం నా సోమరితనం. ఒప్పుకుంటున్నాను.

నా పెన్షన్ కాగితాలు ఇంకా ఆఫీసుల్లో తిరుగుతున్నాయి. జయరాంకు చెప్పకు తల్లీ. ఓబమ్మకు ఏం చెప్పాలో మాత్రం నాకు తోచడం లేదు. కబడ్డీ అయితే నేనే వచ్చి నేర్పించేవాణ్ని.

గంగాధరప్ప


గువ్వలబండ
16 డిసెంబరు 2024

సార్‌కు,

మీ ఉత్తరం అంది మూడు నెలలైనా జవాబు రాయలేదు. తీరిక లేదు. మీ మీద కోపం కూడా కొంచెం ఉంది.

ఫోన్‌లో వీడియోలు చూసి ఆట నేర్చుకున్నాను. కాలేజీ అమ్మాయిలు తొమ్మిదిమందిని పట్టుకున్నాను. వాళ్లకు ఎదురాడటానికి జట్టు కావాలి కదా, ఓబమ్మవాళ్లు ఉన్నారు. తొమ్మిదో మనిషిగా తిప్పమ్మ కోడలు చేరింది. అనంతపురం పోయి రెండు బంతులు తెచ్చాను. ఈ ఆటలో పిచ్చర్ బంతిని భుజం పైనుంచి కాదు, చేయి కిందినుంచి విసరాలి. అది ఓబమ్మకు చెప్పే పనే లేకపోయింది. చిన్నప్పటినుంచి గొర్రెలు మేపిన మనిషి. "గొర్రెకు తగలగూడదు పాపా. దాని ముందర పడల్ల. అప్పుడే మళ్లుతాది" అని విసిరితే బంతి సరిగ్గా అనుకున్నచోట పడుతుంది.

పోటీలు నిన్న జరిగాయి. జరిగాయనే అనాలి.

ఆరు కాలేజీలు రావాలి. ఐదింటినుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకరికి పరీక్షలు, ఒకరికి బస్సు చెడింది, ఒకరికి జాతర. అన్నింట్లోనూ 'మా జట్టు పూర్తి సన్నద్ధతతో ఉన్నప్పటికీ' అని ఒకే వాక్యం. ఆరో కాలేజీ, పద్దెనిమిదిసార్లు గెలిచినది, వచ్చింది. అంటే చౌడప్ప సార్ ఒక్కరే బస్సు దిగారు. భుజాన ఖాళీ సంచి.

"మీ జట్టు ఏది సార్?" అన్నాను.

"వస్తాండారు" అన్నారు. సంచి ఎందుకని అడిగితే, "కప్పు పెట్టుకుపోయేదానికమ్మా" అన్నారు.

యూనివర్సిటీ నుంచి వచ్చిన పరిశీలకుడు కుర్చీలో కూర్చుని "ఆట చూడకుండా నేను సంతకం పెట్టను" అన్నాడు. పన్నెండయింది. జయరాం సార్ చెమట తుడుచుకుంటున్నారు. గట్టు మీద కూర్చున్న ఓబమ్మ లేచి వచ్చింది. "వాళ్లు రాకపోతే ఏమప్పా, మేముండాము గదా" అంది.

చౌడప్ప సార్ ముఖం వెలిగిపోయింది. "మంచిది. వాళ్లను మా కాలేజీ జట్టని రాసేయండి" అన్నారు. జయరాం సార్ కాగితం నా ముందుకు తోసి, మెల్లగా, "రాయి భారతీ. నీ కాంట్రాక్టు మే నెలలో మళ్లా నా టేబుల్ మీదికే వస్తాది" అన్నారు.

కాగితం తీసుకున్నాను సార్. మీ పేరు తలుచుకున్నాను. మీరు ఆ ఫారం నింపిన రోజు కూడా ఇలాగే ఎవరో పక్కన నిలబడి ఉంటారా, ఒక్కరే ఉన్నారా అనుకున్నాను. తరువాత రాశాను. 'ఓబమ్మ, 54 సంవత్సరాలు, ఉపాధి కూలీ. తిప్పమ్మ, 49 సంవత్సరాలు, ఉపాధి కూలీ.' తొమ్మిదిమందీ అలాగే. కాలేజీ అన్నచోట 'లేదు' అని రాశాను.

ఆట మొదలైంది. మొదటి అరగంట మా అమ్మాయిలదే. తరువాత తిప్పమ్మ బ్యాటు పట్టింది. దుప్పటి ఉతికినట్టు ఒక్కటి బాదితే బంతి గ్రౌండు దాటి ఎండిన చేలో పడింది. మా పిల్లలు వెతుక్కుంటుంటే ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నాలుగు మూలల్లోని బేసులూ నడుచుకుంటూ చుట్టి వచ్చింది. పరుగెత్తమని నేను అరిస్తే "వాళ్లకు దొరకల్యా గదా, యాల పరుగు?" అంది.

9–6. ఓబమ్మవాళ్లు గెలిచారు. మా అశ్విని అనే అమ్మాయి, కెప్టెన్, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. ఓబమ్మ పోయి పక్కన కూర్చుని, "ఏడ్చొద్దు పాపా. మేము పద్దెనిమిదేండ్లు ఓడిపోయినాము, యాడన్నా ఏడ్చినామా?" అంది.

కప్పు ఓబమ్మ తీసుకుపోయింది. చౌడప్ప సార్ ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని మూడింటి బస్సుకు వెళ్లిపోయారు.

ఈరోజు యూనివర్సిటీకి నివేదిక రాశాను. జట్టు ఎప్పుడూ లేదని, పేర్లు మస్టరువని, నా సర్టిఫికెట్ కూడా అబద్ధమని. మీ పెన్షన్ గురించి ఆలోచించాను. నా ఉద్యోగం గురించి కూడా. ఆలోచించే రాశాను. ఇది మీకు ఇంకెవరో చెప్పకముందే నేను చెప్పాలని ఈ ఉత్తరం.

భారతి


గువ్వలబండ
20 జనవరి 2025

సార్‌కు,

మీ దగ్గరనుంచి జవాబు లేదు. ఉండదనే అనుకున్నాను. కానీ యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

'మీ కళాశాల సాఫ్ట్‌బాల్ జట్టు పద్దెనిమిదేళ్లుగా ఉన్నట్టు మా రికార్డులు తెలుపుతున్నాయి. కావున సదరు జట్టు లేదనుటకు తగిన ఆధారాలను, లేని క్రీడాకారిణులందరి సంతకాలతో సహా, పదిహేను రోజులలో సమర్పించవలెను.'

జయరాం సార్ చదివి నవ్వారు. "లేనోళ్ల సంతకాలు యాడనుంచి తెస్తావమ్మా? నీ సార్ అయితే తెచ్చేవాడు" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక మీకే రాస్తున్నాను.

భారతి


కణేకల్
2 ఫిబ్రవరి 2025

భారతికి భద్రమ్మ రాసేది.

నేను మాట్లాడినట్టే రాస్తా, తప్పులుంటే సర్దుకో పాపా. నీ డిసెంబరు జాబు వచ్చినప్పటినుంచి మీ సార్ సరిగ్గా అన్నం తినల్యా. పొద్దున పోయి కాలువ గట్టుమీద కూర్చుంటాడు, ఎండెక్కితే వస్తాడు. నేనేమన్నా అడిగితే చెవుడు ఎక్కువైనట్టు నటిస్తాడు. ముప్పైయారేండ్ల కాపురం, యాది నిజం చెవుడో యాది దొంగ చెవుడో నాకు తెలీదా?

నీ రెండో జాబు చదివినాంక లేచి, ట్రంకు పెట్టె తీసి, ఆ చౌడప్ప రాసిన కార్డులన్నీ కట్టగట్టినాడు. "ఆ పాప లేనిదానికి రుజువు యాడ తెస్తాది? రుజువు నా కాడుండాది" అన్నాడు. పెన్షన్ పోతాదేమో అంటే, "పోతే పోనీ, నీకు వరి నాటేది రాదా?" అన్నాడు. నాకు వస్తాది. ఆయనకే రాదు.

ఈ పొద్దు తొలి బస్సుకు యూనివర్సిటీకని పోయినాడు. ఇస్త్రీ చొక్కా ఏసుకుని, జైలుకు పోయేవాని మాదిరి నాకు దండం పెట్టి మరీ పోయినాడు. రేపటికి రాకపోతే నీ కాడికి వచ్చినట్టే. వస్తే ముందు అన్నం పెట్టు, తర్వాత కోప్పడు.

భద్రమ్మ


గువ్వలబండ
5 ఫిబ్రవరి 2025

భద్రమ్మ అమ్మకు భారతి నమస్కారం.

సార్ నిన్న ఇక్కడికే వచ్చారు. క్షేమంగా ఉన్నారు. మీరు చెప్పినట్టే ముందు అన్నం పెట్టాను. జైలుకు పంపలేదమ్మా. బస్సు దిగేసరికి భుజం మీద శాలువా ఉంది.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఆయన పోయినది ఆదివారం కాబట్టి బస్టాండులో పడుకుని, మరునాడు ఆఫీసు తెరిచాక కార్డులు బల్ల మీద పరిచారట. అధికారి ఒకటి తీసి చదివాడట. "ఈ ఏడు 7–4. కార్డు తేదీ నవంబరు మూడు. పోటీలు డిసెంబరులో. నెల ముందే స్కోరు ఎట్ల చెప్పగలిగినారు సార్?" అని కాగితం మీద రాసి అడిగాడట.

"ఆట జరగలేదు కాబట్టి" అన్నారట సార్.

అధికారి పక్కవాణ్ని పిలిచి, అంత కచ్చితంగా అంచనా వేసి కూడా గొప్ప చెప్పుకోవడం లేదని, పెద్దవాళ్ల వినయం ఇలా ఉంటుందని చూపించాడట. దాంతో సార్‌కు పట్టుదల పెరిగి "జట్టు లేదు! ఎప్పుడూ లేదు!" అని గట్టిగా అరిచారట. ఎంత గట్టిగా అరిచారో ఆయనకు తెలియదు కదా. పక్క గదులవాళ్లు పరుగెత్తుకొచ్చి, కొత్త కోచ్ జట్టును రద్దు చేస్తోందని ముసలాయన బాధపడుతున్నాడు అనుకున్నారట. "మీ జట్టును ఎవరూ తీసేయరు" అని వీపు నిమిరి, శాలువా కప్పి, ఫోటో తీసి, బస్సెక్కించారట. కార్డులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. చరిత్ర గదిలో పెడతారట.

నాకు కూడా ఉత్తర్వు వచ్చింది. డిసెంబరులో పరిశీలకుడు జట్టును కళ్లారా చూశాడు కాబట్టి జట్టు ఉన్నట్టేనట. నా సర్టిఫికెట్ నిజమేనట. నా ఫిర్యాదు కొట్టేశారు. కాంట్రాక్టు పొడిగించారు. మిగతా ఆరు కాలేజీల జట్లకు కూడా ఇకపై నేనే శిక్షకురాలిని. సర్టిఫికెట్ నిజమని కాగితం మీద చూసి నాకు సంతోషం కలగలేదమ్మా. సోమవారం చౌడప్ప సార్ కాలేజీకి పోతున్నాను. ఆయన భయపడి సెలవు పెట్టారట. అయినా పోతాను. పరుగెత్తే అమ్మాయిలు అక్కడ కూడా ఉంటారు.

ఈరోజు పొద్దున సార్‌ను గ్రౌండుకు తీసుకుపోయాను. ఓబమ్మ ఎదురొచ్చింది. సార్ చేతులు జోడించారు. ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి, ఊరంతా వినబడేట్టు అడిగింది. "బాగుండావా సార్? మమ్మల్ని యాల ఓడగొట్టినావు?"

సార్ జోడించిన చేతులు దించలేదు. "నాణెం నేనే గెల్చినానమ్మా. ఓటమి నేనే అడిగి తీసుకున్నా. గెలిచినోళ్లనైతే ఫోటో అడుగుతారు. ఓడిపోయినోళ్ల ఫోటో ఎవురూ అడగరు" అన్నారు.

"అయితే మేము ఫోటోకు పనికిరామా?" అంది ఓబమ్మ.

సార్ శాలువా తీసి ఆమె భుజాన వేయబోయారు. "ఈ ఎండకు శాలువా ఏం చేసుకోవాల సార్?" అని తిప్పమ్మకు పడేసి, బ్యాటు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

నేను వద్దన్నాను. సార్ వినలేదు, నిజంగానే వినబడలేదు. కాళ్లు దూరంగా పెట్టి, కబడ్డీ కూతకు వంగినట్టు వంగి నిలబడ్డారు. ఓబమ్మ మెత్తగానే విసిరింది. మొదటి బంతి పోయాక బ్యాటు ఊపారు. రెండోది రాకముందే ఊపారు. మూడోదానికి కళ్లు మూసుకున్నారు. అమ్మాయిలందరూ చప్పట్లు కొట్టారు. సార్ కళ్లు తెరిచి, తరువాతి బంతికి మళ్లీ వంగారు.

"సార్, అవుట్! మూడు తప్పినాయి!" అని అరిచాను. ఆయన నాకేసి చేయి ఊపి, మళ్లీ వంగారు.

ఓబమ్మ బంతి కింద పెట్టి, నడుచుకుంటూ వచ్చి, ఆయన చేతిలోని బ్యాటు మెల్లగా తీసుకుంది. "అయిపోయింది సార్. ఇంక నువ్వు పోవాల" అంది చెవిలో.

సార్ గ్రౌండంతా ఒకసారి చూశారు.

"యాడికి?" అన్నారు.

"ఆడ గోడ కింద నీడుండాది" అని ఆమె చేయి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టింది. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని ఆట చూశారు. ఇంకో రెండురోజులు ఉంటానంటున్నారు.

మీ
భారతి